వరి పైరున ఎండాకు తెగులు

వరంగల్లు ప్రాంతమున పాకాల, రామప్ప, లక్నవరము మొదలగు చెరువుల క్రింద వానకాలపు వరి పొట్టకు వచ్చు దినములలో ఆకుల కొనలు పసుపువన్నెకు తిరిగినచో, పైరునకు బలము చాలలేదని తలంచి యూరియా చల్లుట పలువురు సేద్యకాండ్రకు అలవాటు. బలము చాలనిచో నది మేలే. ఎండాకు తెగులు సోకియున్నచో మాత్రము చల్లిన యెరువు తెగులునకే మేతయగును.

కావున ఎరువుబస్తా విప్పుటకు ముందు ఆకును చూడవలెను. బలము చాలని పైరున ముదురాకులు మొదలుగా మడి యంతటను ఇంచుమించు సమముగ వెలవెలబోవును. ఈ తెగులున అట్లుగాక, కొననుండి అంచుల వెంబడి అలలవంటి హద్దుతో పసుపుచార క్రిందికి దిగి, పిదప ఎండుగడ్డి వన్నె దాల్చును. వేకువను క్రొత్తమచ్చలపై పాలవంటి బొట్లు కానవచ్చును. ఇంకను సందేహమున్నచో, మచ్చయు పచ్చదనమును కలియుచోట ఆకును కోసి, ఆ కోత తేటనీటిలో మునుగునట్లు గాజుగ్లాసునం దుంచవలెను. కొంతసేపటికి కోతనుండి మసకద్రవము పొగవలె దిగినచో అది ఎండాకు తెగులే. ఈ పరీక్షకు కాసు ఖర్చులేదు.

దీనికి కారణము బూజు కాదు, జాంథోమోనాస్ అను బాక్టీరియా. జపానువారు దీనిని 1884 నాటికే యెరుగుదురు. మనదేశమున 1951లో నేటి మహారాష్ట్రమున కనబడి, 1963లో బీహారున విస్తారముగ చెలరేగెను. బూజు కాదు గనుకనే అగ్గితెగులునకు చల్లు మందులు దీనిపై పనిచేయవు. వానికై వెచ్చించిన సొమ్ము వ్యర్థము.

బాక్టీరియా ఆకు అంచులనున్న సన్నని రంధ్రములగుండను, గాయములగుండను లోనికి చొచ్చును. గాలివానకు ఆకులు రాచుకొనుటచే కలుగు గాయములను ఎవరును ఆపజాలరు. నాటునపుడు నారు కొనలు త్రుంచుట మాత్రము సేద్యకాండ్ర చేతిలోనిదే. కాండము తొలుచు పురుగు గ్రుడ్లు పోవుటకై కొనలు త్రుంచుమని చెప్పుటయు కలదు. అది తప్పు సలహా కాదు. అయినను నిరుడు ఎండాకు కనబడిన పొలమున కొనలు త్రుంచక, గ్రుడ్లసముదాయములను నారుమడిలోనే చేతితో నేరివేయుట మేలు.

తెగులు కనబడినంతనే యూరియా నిలిపివేసి, మడినీరు తీసివేయవలెను. ఆ నీరు క్రింది మడిలోనికి పోరాదు, కాలువలోనికే పోవలెను. మడినుండి మడికి పారునీటితో తెగులును పారును. చెరువు క్రింది పొలములలో నిది ఒక్కని వలన కాదు, ఇరుగుపొరుగువారు కలిసి చేసికొనవలసిన యేర్పాటు. రాబోవు పంటకు నత్రజనిని ఒక్కమారుగా గాక మూడు దఫాలుగా వేయవలెను, పొటాషును మానరాదు, గట్లపై గడ్డిని, కోసిన పిదప మొలచు పిలకలను తీసివేయవలెను.

1986లో బాపట్లనుండి విడుదలయైన సాంబమసూరి బియ్యము ప్రశస్తమేగాని, పైరు ఈ తెగులునకు తేలికగా లొంగును. దానికే తెగులు నోర్చు మూడు జన్యువులను చేర్చి, హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థయు, సీసీఎంబీయు కలిసి రూపొందించిన ఇంప్రూవ్డ్ సాంబమసూరి 2008లో విడుదలయైనది. ఏటేట ఎండాకు వచ్చు పొలములవారు నారు పోయుటకు ముందే ఈ విత్తనము సంపాదించుకొనవలెను.