ఎత్తు దాటితే బీమా ఆగిపోవచ్చు: పిల్లలతో పర్వత యాత్రకు ముందు పాలసీ చదవడం ఎలా?



2014 మే 25న నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటి నుంచి పర్వతారోహణ మన పిల్లల కలల్లోకీ వచ్చింది. సెలవుల్లో కిలిమంజారోకో, ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కో వెళ్లాలనుకునే కుటుంబాలున్నాయి. బూట్లు, జాకెట్లు నాలుగు షాపులు తిరిగి కొంటాం. ట్రావెల్ ఇన్సూరెన్స్ మాత్రం టికెట్ బుక్ చేసేటప్పుడు ఒక టిక్కు పెట్టి మరచిపోతాం. ఈ నెల ఆ పాలసీని చదవడం నేర్చుకుందాం.

ఒక ఉదాహరణ

టాంజానియాలోని కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. మరంగు దారిలో వెళ్తే రాత్రి బస మూడు చోట్ల: మందారా (2,720 మీటర్లు), హొరొంబో (3,720), కిబో (4,720). మీ పాలసీలో ‘4,000 మీటర్ల వరకు ట్రెక్కింగ్’ అని ఉందనుకోండి. హొరొంబో దాటి కొంత నడవగానే ఆ రక్షణ ముగిసినట్టే. అసలు ప్రమాదం పెరిగేది అక్కడి నుంచే.

సుమారు 2,500 మీటర్లు దాటాక ఎత్తు వల్ల వచ్చే జబ్బు ఎవరికైనా రావచ్చు. ఆటల్లో చురుకైన పిల్లలకూ మినహాయింపు లేదు. తలనొప్పి, వాంతులతో మొదలై, ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది. ముఖ్యమైన చికిత్స వెంటనే కిందికి దించడమే. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యుల సూచన. మరంగు దారిలో ఒక్కో రాత్రికి వెయ్యి మీటర్లు పెరుగుతుంది. అందుకే హొరొంబోలో ఒక రోజు అదనంగా ఆగే ప్లాన్ ఎంచుకోండి. ఆ ఒక్క రోజు చేసే మేలు ఏ పాలసీ చేయలేదు.

కొనే ముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. ఎన్ని మీటర్ల వరకు వర్తిస్తుంది? మీ దారిలోని అత్యంత ఎత్తైన చోటుతో పోల్చండి. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 మీటర్లు.

2. ట్రెక్కింగా, పర్వతారోహణా? తాళ్లు, ఐస్ యాక్స్ వాడితే చాలా పాలసీలు వర్తించవు. నేపాల్‌లోని ఐలాండ్ పీక్‌ను ‘ట్రెక్కింగ్ పీక్’ అంటారు కానీ, ఆరు వేల మీటర్లు దాటిన ఆ శిఖరానికి తాళ్లు కావాలి. పేరు చూసి మోసపోవద్దు.

3. హెలికాప్టర్ ఖర్చు ఎంత వరకు ఇస్తారు, అనుమతి ఎవరివ్వాలి? అవసరం లేకున్నా హెలికాప్టర్లు పిలిచి బీమా బిల్లులు వేస్తున్న వ్యవహారం 2018లో నేపాల్ ప్రభుత్వ విచారణలో బయటపడింది. కంపెనీ 24 గంటల నంబరు మీ దగ్గరే కాదు, గైడు దగ్గరా ఉండాలి. అయితే నడిపించి కిందికి దించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆలస్యం చేయకండి.

4. పాత జబ్బులు చెప్పామా? ఆస్తమా, ఫిట్స్, గుండె సమస్య ఏదున్నా ఫారంలో రాయండి. దాచిన విషయమే క్లెయిము తిరస్కరణకు కారణమవుతుంది.

5. గ్రూప్ పాలసీలో మా బిడ్డ పేరుందా? టూర్ నిర్వాహకులు ‘ఇన్సూరెన్స్ కలిపే ఉంది’ అంటే సరిపోదు. పేరు, దేశం, తేదీలు ఉన్న సర్టిఫికెట్ తీసుకోండి.

జవాబులన్నీ ఈమెయిల్‌లోనే అడగండి. ఫోన్‌లో విన్న మాటకు క్లెయిము రోజున రుజువు ఉండదు. వివాదం వస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, ఆ తర్వాత ఐఆర్‌డీఏఐ వారి ‘బీమా భరోసా’ పోర్టల్‌కు రాయవచ్చు. అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

పిల్లలతో కలిసి చేయండి

గ్రాఫ్ పేపరు మీద మీ దారిలోని ఒక్కో బస ఎత్తును చుక్కలుగా పెట్టి కలపమనండి. పాలసీలో ఉన్న ఎత్తు దగ్గర ఎర్ర గీత గీయమనండి. ఏ చుక్క అయినా గీత పైన కనిపిస్తే పాలసీ మార్చండి, లేదా దారి మార్చండి.