పదిహేడేళ్ల లోపు ఆడపిల్లల ప్రపంచ కప్పు

పోయిన నెల మన గోడపత్రికలో సౌర కుటుంబం గురించి వేసినారు. ఈసారి ఆటల గురించి ఒక వ్యాసం రాయమని పి.ఇ.టి. మేడం నాకు చెప్పినారు. క్రికెట్ గురించి అందరికీ తెలుసు కాబట్టి నేను దాని జోలికి పోలేదు. ఫుట్‌బాల్‌లో మన వయసు ఆడపిల్లలకు కూడా ఒక ప్రపంచ కప్పు ఉంది. ఈ సంగతి మీలో ఎంతమందికి తెలుసు అని మా తరగతిలో అడిగితే ఇద్దరు చేతులెత్తినారు. అందులో ఒకరు ఊరికే ఎత్తినారు.

దీని పూర్తి పేరు ఫిఫా అండర్-17 మహిళల ప్రపంచ కప్. ఫిఫా అనగా అన్ని దేశాల ఫుట్‌బాల్ సంఘాలకూ పైన ఉండే పెద్ద సంఘం. ఈ పోటీలు మొదట 2008లో న్యూజిలాండ్ దేశంలో జరిగినాయి. ఉత్తర కొరియా గెలిచింది. తరువాత రెండేళ్లకు ఒకసారి జరుగుతూ వచ్చినాయి. 2025 నుండి ఏటా జరపాలని నిర్ణయించినారు. 2025లో మొరాకోలో జరిగిన పోటీల్లో కూడా ఉత్తర కొరియానే గెలిచింది, ఫైనల్‌లో నెదర్లాండ్స్‌ను 3–0 తేడాతో ఓడించింది. అప్పటికి ఆ దేశం 4 సార్లు గెలిచినట్టు.

ఇందులో ఒక లెక్క చూద్దాము. 2022 వరకు వచ్చిన జట్లు 16. నాలుగేసి జట్లు చొప్పున 4 గ్రూపులు. ఒక గ్రూపులో ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఆడితే 6 ఆటలు. నాలుగు గ్రూపులకు 24. తరువాత క్వార్టర్ ఫైనల్స్ 4, సెమీ ఫైనల్స్ 2, మూడో స్థానానికి 1, ఫైనల్ 1. మొత్తం 32. 2025లో జట్లు 24 అయినాయి. అప్పుడు 52 ఆటలు వస్తాయి. ఎట్లా వస్తాయో మీరే చేసి చూడండి. గ్రూపులు 6 అని, తరువాత 16 జట్లు మిగులుతాయని మాత్రం చెప్తాను. ఒక్కొక్క ఆట 90 నిముషాలు, 45 చొప్పున రెండు భాగాలు. పెద్దవాళ్ల కప్పులో నాకౌట్ ఆట సమానం అయితే ఇంకో అరగంట ఆడిస్తారు. 2022లో ఈ పిల్లల కప్పులో అది లేదు, నేరుగా పెనాల్టీలే.

ఇంగ అసలు సంగతికి వస్తాను. 2022 అక్టోబరు 11 నుండి 30 వరకు ఈ ప్రపంచ కప్పు మన దేశంలో జరిగింది. భువనేశ్వర్‌లో, గోవాలో, నవీ ముంబైలో ఆడినారు. నిజానికి అది 2020లోనే ఇక్కడ జరగాల్సింది. కరోనా వచ్చి 2021కి జరిపినారు, తరువాత పూర్తిగా రద్దు చేసినారు. పెద్దవాళ్లకు ఆట వాయిదా పడితే వచ్చే ఏడు ఆడుకోవచ్చు. అండర్-17 పిల్లలకు అట్లా కాదు, రెండేళ్లు పోతే వయసే దాటిపోతుంది. 2020 కోసం శిబిరంలో ఉండి తయారైన పెద్ద పిల్లలకు 2022లో ఆడే హక్కు లేకుండా పోయింది. వాళ్ల పేర్లు పేపర్లో ఎవరూ రాయరు. నాకు ఎక్కువ బాధ అనిపించింది ఇదే. మళ్లీ 2022 ఆగస్టులో మన దేశ ఫుట్‌బాల్ సంఘం పాలన తగాదాల్లో పడి, ఫిఫా దాన్ని సస్పెండ్ చేసింది. పది రోజులకు పైగా కప్పు ఇక్కడ ఉంటుందా ఉండదా అని ఎవరికీ తెలియదు. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేసినారు.

వయసు నియమం ఏమనగా, 2022 పోటీలకు 2005 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టి ఉండాలి. 2007 తరువాత పుట్టినవాళ్లు కూడా పనికిరారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మా తాండాలో చానామందికి పుట్టిన తేదీ అంటే బడిలో చేర్చుకునేటప్పుడు సారు రాసిన తేదీనే. మా అమ్మను అడిగితే నేను చెరుకు నరికే కాలంలో పుట్టినాను అంటుంది. బడి రికార్డులో జూన్ ఉండాది. జూన్‌లో చెరుకు ఎవరు నరుకుతారు? మన తరగతిలో ఎంతమందికి జూన్ పుట్టినరోజో లెక్క పెట్టండి, మీకే అర్థమవుతుంది.

ఈ కాగితం ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. జార్ఖండ్ రాష్ట్రంలో రాంచీ దగ్గర యువా అనే సంస్థ పల్లె ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంది. 2013లో ఆ పిల్లలు స్పెయిన్ దేశంలో పిల్లల పోటీలకు పోవాలి. పాస్‌పోర్టుకు పుట్టిన సర్టిఫికెట్ కావాలి. దానికోసం పంచాయతీ ఆఫీసుకు పోతే వాళ్లను చెంపదెబ్బలు కొట్టినారు, నేల ఊడవమన్నారు అని ఆ రోజుల్లో పేపర్లలో వచ్చింది. అయినా కాగితాలు తెచ్చుకుని పోయినారు. గాస్తెయిజ్ కప్ అనే పోటీలో మూడో స్థానం తెచ్చుకున్నారు.

2022 ప్రపంచ కప్పు భారత జట్టుకు కెప్టెన్ కూడా జార్ఖండ్ పిల్లే, ఆదివాసీ పిల్ల. పేరు అష్టమ్ ఉరావ్. గుమ్లా జిల్లా, గోర్రాటోలి అనే ఊరు. ఆమె డిఫెండర్, అనగా గోల్ పడకుండా కాపు కాసే ఆటగత్తె. 21 మంది జట్టులో జార్ఖండ్ నుండే ఆరుగురు ఉన్నారు. ఉరావ్‌ల భాషను కుడుఖ్ అంటారు. అది తెలుగు మాదిరే ద్రావిడ భాషల కుటుంబానికి చెందింది. మా సుగాలి భాష మాత్రం ఆ కుటుంబం కాదు. అంటే భాష లెక్కలో ఆమె నాకంటే మీకే దగ్గర చుట్టం!

అష్టమ్ ఫుట్‌బాల్ నేర్చుకున్నది హజారీబాగ్‌లోని ఆవాస శిక్షణ కేంద్రంలో. ఆవాసం అంటే హాస్టలే. ఆమె కెప్టెన్ అయినాక ఇంట్లో టీవీ లేదని తెలిసి జిల్లా అధికారులు టీవీ పెట్టించినారు. ఆమె పేరు మీద ఇంటికి రోడ్డు కూడా మంజూరు చేసినారు. ఆ రోడ్డు పనిలో కూలికి పోయినవాళ్లలో ఆమె అమ్మానాయనలు కూడా ఉన్నారు. రోజుకు 250 రూపాయలు. చానామంది ఈ వార్తను చదివి పాపం అన్నారు. నాకు మాత్రం పాపం అనిపించలేదు. మా నాయన కూడా రోడ్డు పనికి పోతాడు. కంకర గంప మోసి వచ్చినాక చేతులు ఎట్లుంటాయో నాకు తెలుసు. పని పనే. ఆ పిల్ల పేరుతో రోడ్డు రావాలంటే ప్రపంచ కప్పు దాకా పోవాల్సి వచ్చింది, అంతకుముందు ఆ ఊరి వాళ్లకు రోడ్డు అక్కర లేదా అని మాత్రం అనిపించింది.

మన జట్టు ఆటలు మూడూ భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే జరిగినాయి. అక్టోబరు 11న అమెరికా చేతిలో 0–8. 14న మొరాకో చేతిలో 0–3. 17న బ్రెజిల్ చేతిలో 0–5. మొత్తం 16 గోల్స్ పడినాయి, మనం ఒక్కటి కూడా వేయలేదు. ఆతిథ్యం ఇచ్చిన దేశం కాబట్టి అర్హత పోటీలు ఆడకుండానే మనకు చోటు దొరికింది. అందుకే ఓడినారని కొందరు ఎగతాళి చేసినారు. మొరాకోతో ఆటలో మొదటి 45 నిముషాలు ఒక్క గోల్ కూడా పడనీయలేదు, అది ఎవరూ చెప్పరు. ఫైనల్‌లో స్పెయిన్ 1–0తో కొలంబియాను ఓడించింది. ఆ ఒక్క గోల్ కూడా కొలంబియా పిల్ల కాలు తగిలి సొంత గోల్‌లో పడిందే. అంత దూరం వచ్చి అట్లా ఓడిపోతే ఆ పిల్లకు ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

ఎనిమిది గోల్స్ తేడా ఎందుకు వస్తుంది? అమెరికా పిల్లలకు బలం ఎక్కువ, తిండి ఎక్కువ అని మా తరగతిలో అన్నారు. అదొక్కటే కాదు. 1972లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ బడీ చదువులో గాని ఆటల్లో గాని ఆడపిల్లలకు తేడా చూపించరాదు అని. అప్పటినుండి అక్కడి బడుల్లో ఆడపిల్లల జట్లు పెరిగినాయి. అంటే 2022లో మన మీద గోల్ వేసిన పిల్లల వెనక యాభై ఏళ్ల పని ఉంది. అన్ని దేశాలూ అట్లా లేవులే. ఇంగ్లండులో 1921 నుండి సుమారు యాభై ఏళ్లు, ఫుట్‌బాల్ సంఘం మైదానాల్లో ఆడవాళ్లను ఆడనీయలేదు. బ్రెజిల్‌లో అయితే 1941 నుండి 1979 వరకు ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడకూడదని ప్రభుత్వ ఆజ్ఞే ఉండేది. ఆడదాని శరీరానికి సరిపడదు అన్నారు. నిషేధం తీసేసిన 43 ఏళ్లకు ఆ దేశం పిల్లలే భువనేశ్వర్‌లో 5 గోల్స్ వేసినారు.

మన జట్టు కూడా అక్కడే ఆగిపోలేదు. 2025 అక్టోబరులో బిష్కెక్ నగరంలో మన అండర్-17 ఆడపిల్లలు ఉజ్బెకిస్థాన్‌ను 2–1తో ఓడించి 2026 ఆసియా కప్పుకు అర్హత సంపాదించినారు. ఈసారి ఎవరి దయా లేదు, ఆడి గెలిచినారు.

తెలుగు వాళ్లలో ఎవరున్నారు అని మీరు అడుగుతారు. గుగులోత్ సౌమ్య అక్క ఉంది. నిజామాబాద్ జిల్లా లంబాడీ పిల్ల. అక్కడ లంబాడీలు అంటారు, మన చిత్తూరు జిల్లాలో సుగాలీలు అంటారు, మనుషులు ఒకటే. మొదట పరుగు పందేల్లో ఉండి తరువాత ఫుట్‌బాల్‌కు వచ్చింది. భారత సీనియర్ జట్టుకు ఆడుతూ, 2022లో క్రొయేషియా దేశంలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో కూడా చేరింది. 2024–25 సంవత్సరానికి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి అవార్డు ఆమెకే ఇచ్చినారు. మన రాయలసీమలో అయితే అనంతపురంలో ఆర్.డి.టి. వాళ్ల క్రీడా గ్రామంలో ఆడపిల్లలకు కూడా ఫుట్‌బాల్ నేర్పినారు. అనంతపురం ఐరాలకు అమెరికా అంత దూరం కాదు.

నాతోబాటు మా తాండాలో ఒకటో తరగతిలో చేరిన ఆడపిల్లలు ఐదుగురు. ఇప్పుడు చదివేది ఇద్దరం. ఇద్దరికి పెళ్లిళ్లు అయిపోయినాయి, ఒకామె బెల్లం గానుగ పనికి పోతా ఉంది. అండర్-17 అంటే పేపర్లో ఒక వయసు. మా తాండాలో ఆ వయసుకు చంకలో బిడ్డ ఉంటుంది. నేను పదో తరగతికి వస్తానా రానా అని మా ఇంట్లో ఈ సంక్రాంతికి మాట్లాడుకుంటారంట. జట్టులో పేరు ఉంది, పోటీలు ఉండాయి అని చెప్తే మా నాయన వింటాడో లేదో. ఊరికే బడి అని చెప్పేదానికంటే ఇంకొక మాట చేతిలో ఉంటుంది కదా.

ఇప్పుడు మన మైదానం లెక్క. ప్రపంచ కప్పు మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అనగా 7,140 చదరపు మీటర్లు, సుమారు ఎకరా ముప్పావు. లెక్కల సారు దగ్గర టేపు తీసుకుని నేను, మా గది పిలకాయలు మన ఆటస్థలం కొలిచినాము. రాళ్లు ఏరి, ముళ్లకంప కొట్టేస్తే 62 మీటర్లు, 40 మీటర్లు వస్తుంది. 2,480 చదరపు మీటర్లు, 61 సెంట్లు. పెద్దదానిలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. పదకొండు మందికి చాలదు, ఏడుగురు ఏడుగురు ఆడటానికి సరిపోతుంది. అసలు గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. మనకు అందులో సగం చాలు, వెదురు బొంగులు రెండు పాతితే అయిపోతుంది. నిక్కర్లు వేసుకోమంటే ఇండ్లల్లో ఒప్పుకోరు అనే వాళ్లకు, మనలో మనం ఆడేటప్పుడు చుడీదార్ ప్యాంటుతోనే ఆడవచ్చు.

బంతి స్టోరు రూములో ఒకటి ఉండాది. గాలి లేదు. సైకిల్ పంపుకు సన్న పిన్ను పెడితే గాలి ఎక్కుతుంది, ఆ పిన్ను ఐరాల సైకిల్ షాపులో దొరుకుతుందని వంట అక్క చెప్పింది. సాయంత్రం 5 నుండి 6 వరకు, బట్టలు ఉతికే గురువారం ఆదివారం తప్ప, మిగతా రోజులు ఆడుకోనిస్తే చాలునని వార్డెన్ మేడం గారిని కోరుచున్నాము. స్టడీ అవర్‌కు ముందే కాళ్లు కడుక్కుని వచ్చేస్తాము. ఆడాలనుకునే వాళ్లు నీళ్ల ట్యాంకు పక్కన అంటించిన కాగితం మీద పేరు, తరగతి రాయండి. 14 పేర్లు కావాలి. ఈ వ్యాసం అంటించే సమయానికి 9 ఉండాయి.