నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులు - స్టెరాయిడ్ మందు, స్కానింగ్



నెలలు నిండకుండా పుట్టిన మీ బిడ్డ రెండు మూడు వారాలుగా వెంటిలేటర్ మీద ఉంది. బరువు కొద్దికొద్దిగా పెరుగుతోంది, పాలు ట్యూబు ద్వారా పోతున్నాయి, కానీ మిషను మాత్రం తీయలేకపోతున్నారు. అలాంటప్పుడు డాక్టరు గారు మిమ్మల్ని పిలిచి, "ఊపిరితిత్తులకు స్కానింగ్ చేశాం, స్టెరాయిడ్ ఇవ్వాలనుకుంటున్నాం, సంతకం పెట్టండి" అంటారు. వినగానే గుండె జారిపోవడం సహజం. ఆ సంతకానికి ముందు మీరు తెలుసుకోవలసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాము.

మిషను ఎందుకు తీయలేకపోతున్నారు?

ఊపిరితిత్తుల్లో గాలి నిండే చిన్న చిన్న గదులు గర్భం చివరి నెలల్లోనే ఏర్పడటం మొదలవుతాయి. 26, 27 వారాలకే పుట్టిన బిడ్డకు ఆ గదులు ఇంకా తయారు కాలేదు. వాటి గోడలు అతుక్కుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం కూడా చాలదు. బిడ్డను బతికించడానికి మిషనుతో గాలి పంపాలి, ఆక్సిజన్ ఇవ్వాలి. బతికించే ఆ గాలి ఒత్తిడి, ఆ ఆక్సిజనే లేత ఊపిరితిత్తుల్లో వాపు పుట్టిస్తాయి. ఇన్ఫెక్షన్ తోడైతే వాపు ఇంకా పెరుగుతుంది. వాచిన చోట నీరు ఊరుతుంది, కొత్త గదులు ఎదగవు. దీన్నే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, డాక్టర్ల మాటలో బ్రాంకోపల్మనరీ డిస్ప్లేసియా లేక బి.పి.డి. అంటారు. 1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో నార్త్‌వే అనే వైద్యుడు, ఆయన సహచరులు మొదటిసారి దీన్ని వివరించారు.

గర్భం లెక్క ప్రకారం 36 వారాలు వచ్చేసరికి కూడా బిడ్డకు ఆక్సిజన్ గానీ మిషను సాయం గానీ అవసరమైతే ఈ జబ్బు ఉందని సాధారణంగా నిర్ణయిస్తారు. 27 వారాలకు పుట్టిన బిడ్డకు పుట్టిన 9 వారాలకు ఆ రోజు వస్తుంది. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోలేరు కాబట్టే ముందుగా ఆలోచిస్తారు.

స్టెరాయిడ్ అంటే భయం

"స్టెరాయిడా! కండలు పెంచే మందు కదా" అని చాలామంది అడుగుతారు. అది వేరు, ఇది వేరు. ఇది వాపును తగ్గించే మందు. ఇలాంటి పదార్థం మన ఒంట్లో కూడా తయారవుతుంది. కాన్పు ముందుగా వచ్చే సూచన ఉన్నప్పుడు తల్లికి 12 గంటలకొకటి చొప్పున వేసే ఇంజక్షన్లు కూడా ఈ జాతివే. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ అనే ఇద్దరు డాక్టర్లు 1972లో ఆ ఇంజక్షన్ల మేలును లోకానికి తెలిపారు. తల్లికి వేసే ఆ ఇంజక్షన్లకు సందేహించనక్కరలేదు. పుట్టిన తరువాత బిడ్డకు ఇచ్చే మందు విషయంలోనే ఆచితూచి అడుగు వేయాలి.

ఎందుకంటే దీనికి ఒక చరిత్ర ఉంది. 1990లలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను పెద్ద మోతాదుల్లో, కొందరికి వారాల తరబడి ఇచ్చారు. పిల్లలు మిషను నుంచి త్వరగా బయటపడ్డారు, అందరూ సంతోషించారు. ఆ పిల్లలు పెరిగి నడవవలసిన వయసుకు వచ్చాక, పుట్టిన మొదటి వారంలోనే ఈ మందు పొందిన వారిలో కాళ్లు చేతులు బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ ఎక్కువగా కనిపించింది. 2002లో అమెరికా, కెనడా దేశాల పిల్లల వైద్యుల సంఘాలు కలిసి, దీన్ని మామూలుగా అందరికీ ఇవ్వవద్దని ప్రకటించాయి. మీ బంధువుల్లో ఎవరైనా "ఆ మందు మంచిది కాదట" అంటే, వారు విన్నది పూర్తిగా అబద్ధం కాదు. సగం కథ మాత్రమే.

మిగతా సగం ఇది. మిషను మీద ఎక్కువ కాలం ఉండటం కూడా మెదడుకు హాని చేస్తుంది. ఆస్ట్రేలియా వైద్యుడు లెక్స్ డోయల్, సహచరులు 2005లో ఎన్నో పరిశోధనల ఫలితాలను కలిపి చూశారు. బి.పి.డి. వచ్చే అవకాశం తక్కువగా, అంటే నూటికి 35 కంటే తక్కువగా ఉన్న పిల్లలకు స్టెరాయిడ్ వల్ల కీడే ఎక్కువైంది. ఆ అవకాశం నూటికి 65 దాటిన పిల్లల్లో మాత్రం మరణం, సెరిబ్రల్ పాల్సీ రెండూ కలిపి చూస్తే తగ్గాయి. అంటే ఒకే మందు ఒక బిడ్డకు మేలు, పక్క మంచం మీది బిడ్డకు కీడు కావచ్చు. "పక్క బిడ్డకు ఇచ్చారు, మాకెందుకు ఇవ్వలేదు?" అనే ప్రశ్నకు జవాబు ఇదే.

మోతాదు కూడా మారింది. 2006లో వెలువడిన ఒక పరిశోధనలో 10 రోజుల మొత్తానికి కిలో బరువుకు 0.89 మిల్లీగ్రాములే ఇచ్చారు. అంటే కిలో బిడ్డకు పది రోజులూ కలిపి ఒక్క మిల్లీగ్రాము కూడా కాదు. అంత కొద్ది మందుతోనే చాలామంది పిల్లలు మిషను నుంచి బయటికి రాగలిగారు. కొన్నిచోట్ల హైడ్రోకార్టిసోన్ అనే మరో స్టెరాయిడ్ వాడతారు. ఏది, ఎప్పుడు అన్నది మీ బిడ్డ పరిస్థితిని బట్టి ఉంటుంది.

స్కానింగ్ ఏం చెబుతుంది?

గర్భంలో బిడ్డను చూసిన స్కానింగ్ లాంటిదే ఇది. కొంచెం జెల్ రాసి, చిన్న పరికరాన్ని ఛాతీ మీద ఆనిస్తారు. శబ్ద తరంగాలే తప్ప ఎక్స్‌రే కిరణాలు ఉండవు. సూది లేదు, మత్తు లేదు, బిడ్డను గాజు పెట్టెలోంచి తీయనక్కరలేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అందుకే మళ్లీ మళ్లీ చేసినా భయపడవద్దు.

గాలితో నిండిన ఊపిరితిత్తి మీద తెర మీద అడ్డగీతలు కనిపిస్తాయి. నీరు, వాపు ఉన్నచోట టార్చిలైటు వెలుగులా పైనుంచి కిందికి నిలువు గీతలు దిగుతాయి. అవి కలిసిపోతే ఆ భాగమంతా తెల్లగా కనిపిస్తుంది. సాధారణంగా ఒక్కొక్క ఊపిరితిత్తిని మూడు భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 18. బడి మార్కులకు ఇది తిరగబడ్డ లెక్క, ఎంత తక్కువ వస్తే అంత మంచిది. పుట్టిన ఒకటి రెండు వారాలకు కూడా మార్కులు ఎక్కువగానే ఉంటే బి.పి.డి. వచ్చే అవకాశం ఎక్కువ అని పరిశోధనలు చూపించాయి. ఏ బిడ్డకు మందు ఇవ్వాలో తేల్చడానికి స్కానింగ్ తోడ్పడేది ఇక్కడే. మందు మొదలుపెట్టాక మార్కులు తగ్గుతున్నాయా లేదా అని చూడటానికి కూడా పనికొస్తుంది.

అయితే స్కానింగ్ ఒక్కటే తీర్పు చెప్పదు. ఊపిరితిత్తుల లోతు భాగాలు దీనికి అందవు, చేసే వారి అనుభవం మీద కూడా ఫలితం ఆధారపడుతుంది. ఆక్సిజన్ ఎంత కావాలి, ఎన్ని వారాలకు పుట్టింది, ఇన్ఫెక్షన్ ఉందా అన్నవన్నీ కలిపి నిర్ణయిస్తారు. ఎక్స్‌రే అవసరం కూడా పూర్తిగా పోదు.

సంతకం పెట్టే ముందు

మా బిడ్డకు బి.పి.డి. వచ్చే అవకాశం ఎంత, ఏ మందు, ఎన్ని రోజులు, పని చేయకపోతే ఎప్పుడు ఆపుతారు అని అడగండి. అడిగితే డాక్టరు గారు కోపగించుకుంటారని అనుకోవద్దు. సాధారణంగా ఇది నిమిషాల మీద తేల్చవలసిన విషయం కాదు. ఇంట్లో పెద్దలతో మాట్లాడి, పాస్టరు గారితో ప్రార్థన చేయించుకుని వచ్చి చెబుతామన్నా ఎవరూ కాదనరు.

మందు నడిచే రోజుల్లో బిడ్డకు రక్తంలో చక్కెర, బి.పి. పెరగవచ్చు, బరువు పెరగడం నెమ్మదించవచ్చు, ఇన్ఫెక్షన్ సులభంగా సోకవచ్చు. మడమ నుంచి రక్తం చుక్క తరచుగా తీసేది అందుకే. చేతులు కడుక్కోనిదే లోపలికి రావద్దని నర్సమ్మ గట్టిగా చెప్పేది కూడా అందుకే. తల్లిపాలు పిండి ఇవ్వడం ఆపకండి.

ఇంటికి వెళ్లాక

కళ్ల రెటీనా పరీక్షకు ఇచ్చిన తేదీ తప్పకండి. నెలలు నిండని బిడ్డలకు చూపు పోయే ప్రమాదం ఉంది, సమయానికి చూస్తే కాపాడవచ్చు. స్నానం తరువాత సాంబ్రాణి పొగ వేయడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం ఈ బిడ్డకు అసలే వద్దు. పెద్దమ్మలు, అమ్మమ్మలు నొచ్చుకున్నా సరే, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నెమ్ము వస్తుంది. కట్టెల పొయ్యి ఉన్న గదిలో పడుకోబెట్టకండి. బీడీ, సిగరెట్ ఇంట్లోనే కాదు, వాకిట్లో కూడా వద్దు.

డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగుతూ అలసిపోయి వదిలేస్తున్నా, పెదవులు నీలం తిరిగినా, ఊపిరి మధ్యమధ్యలో ఆగుతున్నా తెల్లవారే దాకా ఆగకుండా వెంటనే తీసుకురండి. వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం వెంట తెచ్చుకోండి. ఏ స్టెరాయిడ్ ఎన్ని రోజులు ఇచ్చారో అందులో ఉంటుంది. రాబోయే నెలల్లో బిడ్డకు ఆపరేషన్ అవసరమైనా, పెద్ద జబ్బు చేసినా, ఏ ఊరి ఆసుపత్రిలోనైనా ఆ కాగితాన్ని ముందుగా డాక్టరు గారికి చూపించండి.