రెండు పసుపు మాత్రలు: డాక్టర్ ఫార్బర్, మన సుబ్బారావు

మా కొయ్యూరు అనగానే అందరికీ 1924 మే 7, అల్లూరి సీతారామరాజు గుర్తొస్తారు. నేను రాసేది దానికి సంబంధం లేని విషయం. బోస్టన్‌లో పనిచేసిన ఒక యూదు డాక్టరు గురించి. అతని దగ్గరికి నేను వెళ్లింది మా పక్కింటి బిస్కెట్ డబ్బా దారిలో.

దసరా సెలవులకి ఇంటికెళ్లాను. పక్కింటి వదిన కొడుక్కి ఆరేళ్లు. వాడికి రక్త క్యాన్సర్ (లుకేమియా), విశాఖలో వైద్యం జరుగుతోంది. పెద్ద దశలు అయిపోయి, ఇప్పుడు ఇంటి దగ్గర మాత్రలు వేసుకునే దశలో ఉన్నాడు. అదే ఇంట్లో వాడి మేనత్తకి సికిల్ సెల్. మా ఏజెన్సీలో ఈ జబ్బు మామూలే, మీలో ఎవరిదైనా మన్యం అయితే తెలిసే ఉంటుంది. ఆమె రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటుంది. పిల్లాడిది మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారే. రెండూ చిన్నవే, రెండూ పసుపే, రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి.

"రెండూ ఒకలాగే ఉన్నాయి కదా మరిదీ, ఏంటి తేడా?" అంది వదిన. ఇంజినీరింగు చదువుతున్నానని నన్నడిగింది. నాకు తెలీదు. ఆ రాత్రి ఫోన్‌లో చదవడం మొదలుపెడితే తెల్లారింది.

ముందు తేడా చెప్తాను. మన ఒంట్లో కొత్త కణం పుట్టాలంటే డీఎన్‌ఏ నకలు కావాలి. ఆ నకలుకి కావలసిన ముక్కల్లో ఒకటి తయారవ్వాలంటే ఫోలేట్ ఉండాలి. ఆకుకూరల్లో ఉండేది అదే. అయితే అది నేరుగా పనికిరాదు, ఒక ఎంజైము దాన్ని మార్చి పెట్టాలి. ఆ ఎంజైమును తాళం అనుకోండి, ఫోలిక్ యాసిడ్ తాళంచెవి. మెథోట్రెక్సేట్ ఆ చెవికి దొంగ నకలు. ఫోలిక్ యాసిడ్‌లో ఒకచోట ఉన్న ఆక్సిజన్‌ను తీసి అక్కడ అమైనో గుంపు పెడితే అమైనోప్టెరిన్ వస్తుంది. దానికి ఒక మిథైల్ తగిలిస్తే మెథోట్రెక్సేట్. అంతే మార్పు. ఈ నకలు తాళంలో దూరుతుంది, తిరగదు, బయటికీ రాదు. అసలు చెవికి దారి మూసుకుపోతుంది. కణం విభజన ఆగిపోతుంది.

అంటే అత్తకి ఇచ్చేది రక్తకణాలు పుట్టడానికి. పిల్లాడికి ఇచ్చేది పుట్టకుండా ఆపడానికి. ఒకే డబ్బాలో ఒకదానికొకటి విరోధి మందులు! వారపు మాత్రని పొరపాటున రోజూ వేస్తే నోరు పుండ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని, ప్రాణం మీదికి వస్తుంది. ఇది ఊహించి చెప్తున్నది కాదు. ఇలాంటి పొరపాట్లతో చాలా దేశాల్లో మనుషులు పోయారు.

ఇప్పుడు డాక్టరు సంగతి. సిడ్నీ ఫార్బర్ 1903లో అమెరికాలోని బఫెలోలో పుట్టాడు. పద్నాలుగు మంది పిల్లల్లో మూడోవాడు. ఆ రోజుల్లో అమెరికా వైద్య కళాశాలలు యూదు విద్యార్థులకి సీటివ్వడానికి వెనకాడేవి. మార్కులు చాలక కాదు, మతం వల్ల. అందుకని మొదటి ఏడాది జర్మనీ వెళ్లి, హైడెల్‌బర్గ్, ఫ్రైబర్గ్‌లలో చదివాడు. తర్వాత హార్వర్డ్‌లో చేరి 1927లో పట్టా తీసుకున్నాడు. భార్య నార్మా కవయిత్రి, పిల్లల పుస్తకాలు రాసింది. నలుగురు పిల్లలు.

అతను పిల్లల ఆసుపత్రిలో పాథాలజిస్టు. ఏళ్ల తరబడి చనిపోయిన పిల్లల్నే పరీక్షించాడు. బతికున్న పిల్లలకి ఏదైనా చెయ్యాలని అనిపించడానికి అదే కారణమై ఉంటుందని నా అనుకోలు. అప్పట్లో లుకేమియా వస్తే పిల్లలు కొన్ని వారాల్లో, మహా అయితే నెలల్లో పోయేవారు. ఫార్బర్ మొదట ఫోలిక్ యాసిడ్ సంబంధిత మందులే ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా వేగంగా పెరిగింది. ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవాళ్లు. అతను తిరగేసి ఆలోచించాడు: ఫోలేట్ పెడితే పెరిగేది, ఫోలేట్ అడ్డుకుంటే తగ్గుతుందేమో?

అడ్డుకునే మందు ఎక్కడిది? ఇక్కడ మన భీమవరం వస్తుంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. పదమూడేళ్లప్పుడు కాశీలో యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయినవాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కి కోపం వచ్చి ఎంబీబీఎస్ బదులు తక్కువ పట్టా ఎల్‌ఎంఎస్ దక్కింది. 1921లో స్ప్రూ అనే పేగు జబ్బుతో అతని అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాలో పోయారు. అతనికీ వచ్చింది, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదంతో బతికాడు. 1923లో బోస్టన్ చేరాడు. మా మన్యంలో రామరాజు పోరాటం నడుస్తున్న రోజులవి. ఖర్చులకి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశాడు. ఇంటి దగ్గర కొడుకు పుట్టి నెలల బిడ్డగానే పోయాడు. తండ్రి వాణ్ణి చూడనేలేదు. భార్య శేషగిరి దగ్గరికి మళ్లీ రాలేదు. దీన్ని త్యాగం అని మన పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. నాకైతే ఆవిడ వైపు నుంచి ఎవరైనా రాస్తే చదవాలనుంది.

హార్వర్డ్ అతనికి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారాడు. 1945లో అతని బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి మందు అదే. ఆ దారిలోనే, ఫోలిక్ యాసిడ్‌ని కొంచెం కొంచెం మార్చి చూస్తూ ఆ బృందం తయారు చేసినవే దొంగ తాళంచెవులు. ఫార్బర్ అడిగాడు, సుబ్బారావు పంపాడు.

1947 డిసెంబరు 28న రెండేళ్ల పిల్లాడొకడికి ఫార్బర్ అమైనోప్టెరిన్ మొదలుపెట్టాడు. తెల్లకణాలు దిగాయి, వాచిన పొట్ట తగ్గింది, పిల్లాడు లేచి నడిచాడు. మొత్తం 16 మంది పిల్లల్లో 10 మందికి మేలు కనిపించిందని 1948 జూన్‌లో వ్యాసం వచ్చింది. ఆ మేలు నిలవలేదు, జబ్బు తిరగబెట్టింది, పిల్లలు పోయారు. అయినా ఒక మందు పిల్లల తీవ్ర లుకేమియాని వెనక్కి నెట్టగలదని మొదటిసారి తేలింది. ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకి, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే పోయాడు. 53 ఏళ్లు. ఇప్పుడు మందులు కలిపి రెండేళ్లకి పైగా ఇస్తారు. ధనిక దేశాల్లో ఈ రకం లుకేమియా వచ్చిన పిల్లల్లో 90 శాతం దాకా బతుకుతున్నారు.

ఫార్బర్‌లో నాకు బాగా నచ్చింది వేరే. పిల్లాడికి మందు ఒక్కటే చాలదనేవాడు. తిండి, డబ్బు, తల్లిదండ్రుల మనసు, అన్నీ ఒకే కప్పు కింద చూడాలని పట్టుబట్టాడు. దాన్ని సంపూర్ణ సంరక్షణ అన్నాడు. అందుకోసం రేడియోలో, బేస్‌బాల్ జట్టుతో కలిసి చందాలు పోగుచేశాడు. తోటి డాక్టర్లు కొందరికి అది డాక్టరు చేసే పనిలా అనిపించలేదు. మా వదిన్ని చూస్తే అతనిదే సరైన లెక్క అనిపిస్తుంది. వైద్యం ప్రభుత్వ పథకంలో ఉచితమే. కానీ కొయ్యూరు నుంచి నర్సీపట్నం, అక్కణ్ణుంచి విశాఖ, బస్సు ఛార్జీ, కూలి పోయిన రోజులు, జీడి కోతల వేళ ఇంట్లో మనిషి లేకపోవడం, ఇవి ఏ కార్డులో ఉన్నాయి? మధ్యలో వైద్యం మానేసే కుటుంబాలు మానేసేది వీటి దగ్గరే.

1973లో ఫార్బర్ తన ఆఫీసు బల్ల దగ్గరే చనిపోయాడు.

తెల్లారాక వదినకి ఇదంతా చెప్పలేదు. "అది రక్తం పుట్టించే మాత్ర, ఇది చెడు రక్తాన్ని ఆపే మాత్ర" అన్నాను. పిల్లాడి మాత్రని వేరే డబ్బాలో పెట్టి, మూతకి ఎర్ర దారం కట్టాం. ఏ రోజు వెయ్యాలో విశాఖలో డాక్టరు గారికి ఫోన్ చేసి మళ్లీ అడిగాం. ఆ రోజు మా సంత రోజే. క్యాలెండర్‌లో గుండ్రాలు చుడుతుంటే, అక్కర్లేదంది. ఇప్పుడు వాళ్లింట్లో మెథోట్రెక్సేట్ పేరు "సంత మాత్ర".