చేదబావియు, చట్టమును

యోహాను సువార్త 4వ అధ్యాయములోని సమరయ స్త్రీ కథను మన విద్యార్థులందఱును చదివియే యుందురు. దానిని మన అనంతపురపు మెట్టనేలమీద నిలిచి మరల చదువవలెనని నా కోరిక. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ సీమలో నీటిని గూర్చిన కథ యేదియు మనకు పరాయిది కాదు.

పూర్వము మన పల్లెలలో చేదబావి యనగా నీటితావు మాత్రమే కాదు. ఎవరు గట్టెక్కవచ్చును, ఎవరు ఎక్కరాదు అను కట్టుబాటు కూడ దానితో నుండెను. అస్పృశ్యులని త్రోసివేయబడినవారు దూరముగా కడవలు పెట్టుకొని, ఎవరైన దయదలచి నీరు పోయువఱకు ఎండలో కాచుకొనవలసి వచ్చెడిది. కఱవు సంవత్సరములలో ఆ నిరీక్షణ యెంత దీర్ఘమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

దీనిని మాన్పుటకు శాసనములు కొఱతపడలేదు. 1923లో బొంబాయి శాసనసభ ప్రభుత్వపు చెఱువులు, బావులు అందఱికిని తెఱవవలెనని తీర్మానించెను. మరుసటి యేడు మహద్ పురపాలక సంఘము తన చౌదార్ చెఱువును తెఱచితిమని ప్రకటించెను. ప్రకటన కాగితముమీదనే నిలిచెను. 1927 మార్చి 20వ తేదీన డాక్టరు అంబేడ్కరు గారు జనసమూహముతో పోయి ఆ నీరు త్రాగగా, ఊరివారు కొందఱు వారిమీద పడి కొట్టిరి. పిమ్మట చెఱువును శుద్ధి చేసిరి! మన మద్రాసు రాజధానిలో 1938లో చట్టము వచ్చెను. 1950లో రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసెను. 1955లో దానిని పాటించువారికి శిక్షలు విధించు చట్టము వెలసెను.

చట్టములు వ్యర్థమని నేననను. అట్లనువారు తఱచుగా ఆ యెండలో కడవతో నిలువనివారే. అడ్డగించువాని చేయి పట్టుకొనుటకు చట్టము కావలెను. అయితే ఆ చేయి వదలిన తరువాత వాని మనస్సులో ఏమున్నదో చట్టమున కక్కఱలేదు. బావి అందఱిదైనప్పుడు, ఉన్నవాడు తన పెరటిలో బోరు వేయించుకొనెను. పల్లెకు కుళాయిలు వచ్చెను. ఉమ్మడి బావులు పెక్కు ఎండిపోయి, ముండ్లకంపతో నిండెను. మనుష్యులు మాఱకమునుపే నీరు అడుగంటెను; వివాదము తీరినట్లు కనబడుచున్నది గాని, తీరలేదు.

ఇప్పుడు యాకోబు బావి యొద్దకు పోవుదము. మన ఆదివారపు బడులలో జీవజలమును గూర్చిన మాటలు బాగుగ నేర్పుచున్నాము. వాటికి ముందున్న చిన్న మనవిని దాటిపోవుచున్నాము. మధ్యాహ్నవేళ, అలసి, చేద లేక కూర్చున్న ప్రభువు ఆమెను దాహమునకు అడిగెను. నీవును చేదుకొమ్మని సెలవిచ్చుట వేఱు. నీ పాత్రలోని నీరు నాకిమ్మని చేయి చాచుట వేఱు. మొదటిదానిని చట్టము చేయించగలదు. రెండవదానిని ఏ ప్రభుత్వమును ఆజ్ఞాపింపజాలదు. ఆమె విస్మయమొందుటకు కారణమిదియే.

శిష్యులకు సహితము ఇది సులభముగ అబ్బలేదు. యొప్పేలో దర్శనము చూచి, కొర్నేలీ యింట ప్రవేశించిన పేతురే, అంతియొకయలో మనుష్యులకు భయపడి అన్యజనుల పంక్తినుండి లేచిపోగా, పౌలు ముఖాముఖిగా అతనిని ఎదిరించెను. మన సంగతి యేమి? ఒకే తిరస్కారమును అనుభవించిన మాలమాదిగలు పెక్కు గ్రామములలో వేర్వేఱు బావులు పెట్టుకొనిరి. ఆ గోడ సంఘములోనికిని వచ్చెను. ప్రభురాత్రి భోజనపు బల్ల యొకటే యని మన క్రమము చెప్పుచున్నది. తలిదండ్రులారా, కుమార్తెకు సంబంధము వెదకునపుడు మనము మొదట అడుగు ప్రశ్న యేది?

పౌలు పేతురునకు క్రొత్త నియమము విధింపలేదు. మనమందఱము క్రియలవలన గాక, కృపవలననే చేర్చుకొనబడితిమని జ్ఞాపకము చేసెను. అర్హత లేకయే త్రాగినవాడు ఇతరుల అర్హతను ఏ ముఖముతో అడుగగలడు?

ఆ స్త్రీ తన కుండను బావియొద్దనే విడిచి ఊరిలోనికి పరుగెత్తెను. ఊరివారు వేడుకొనగా ప్రభువు అచ్చట రెండు దినములుండెను. కొంచెము ముందు ఆ యూరిలో ఆహారము కొని తెచ్చి, ఆయన ఆమెతో మాటలాడుట చూచి ఆశ్చర్యపడిన శిష్యులు, ఆ రెండు దినములు ఎవరి యింట భుజించిరో, ఎవరి కడవలోని నీరు త్రాగిరో సువార్తికుడు వ్రాయలేదు.