రాసి తుడిచే పలక

చెల్లీ, పోయిన వారం మా పిన్నిని ఛాతీ ఎక్స్‌రేకి తీసుకెళ్ళాను. దగ్గు ఎంతకీ తగ్గట్లేదని డాక్టరు రాసిచ్చారులే. తాళి తీయాలనేసరికి పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. దారానికి ఫర్వాలేదంటే, మెడలో ఉత్త పసుపుతాడు వేసి, సూత్రాలూ నల్లపూసలూ నా పర్సులో దాచి, లోపలికి పంపేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. హమ్మయ్య అనుకునేలోగా టెక్నీషియన్ తలుపు తీశాడు. "జడ పైకి ముడేసుకోమనండమ్మా, మళ్ళీ తీయాలి" అన్నాడు. తెర మీద చూద్దును కదా, కుడి ఊపిరితిత్తి పైకొసన తాడులాంటి నీడ. పిన్ని జడ!

రెండోసారి తీయడానికి అర నిమిషం పట్టలేదు. అదే నా మనసులో గుచ్చుకుంది.

మన చిన్నప్పుడు ఎక్స్‌రే అంటే ఎంత తతంగం! చీకటి గదిలో ఎర్ర దీపం, రెండు రకాల మందునీళ్ళు, తడి ఫిల్ము ఆరేదాకా ఎదురుచూపులు. ఫిల్ములో వెండి ఉండేది, ఖరీదైనది. పాడైతే వాళ్ళకే దెబ్బ గనక, తీసేముందు ఒకటికి రెండుసార్లు సర్ది నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు ఫిల్ముకి బదులు ఉండేది ఒక పలక. ఫ్లాట్ ప్యానెల్ డిటెక్టర్ అంటారు. మన బడి పలకే అనుకో: రాయడం, చూడడం, తుడిచేయడం.

ఆ పలక లోపల ఏముందో అడిగావా? పైన సీజియం అయొడైడ్ పొర. ఆ స్ఫటికాలు సన్నటి పుల్లల్లా నిలువుగా, పక్కపక్కనే పెరుగుతాయి. ఎక్స్‌రే తగిలితే అవి వెలుగుతాయి. ఆ వెలుగు అటూ ఇటూ పెద్దగా చెదరకుండా పుల్ల వెంటే కిందికి దిగుతుంది, అందుకే బొమ్మ అంత స్పష్టం. కింద గాజు మీద సిలికాన్ గళ్ళు ఆ వెలుగును కరెంటుగా మార్చి కంప్యూటరుకి అప్పజెబుతాయి. మనింట్లో టీవీ తెర తయారీలో వాడే విద్యే ఇదీను. కాకపోతే అది బొమ్మ చూపిస్తుంది, ఇది బొమ్మ పట్టుకుంటుంది. ఒక్కో గడి 0.14 మిల్లీమీటర్లనుకో, ఆవగింజ వెడల్పున పది దాకా పడతాయి. 43 సెంటీమీటర్ల పలకలో అలాంటివి తొంభై లక్షల పైచిలుకు! సెలీనియం పూసిన పలకలూ ఉన్నాయి. వాటిలో వెలుగుతో పనిలేదు, ఎక్స్‌రే నేరుగా విద్యుత్తయిపోతుంది.

'డిజిటల్ ఎక్స్‌రే' అని బోర్డున్న ప్రతిచోటా ఈ పలక ఉంటుందనుకోకు. తీశాక టెక్నీషియన్ క్యాసెట్టు పట్టుకెళ్ళి ఇంకో యంత్రంలో పెట్టాడంటే అది 1980ల నాటి పద్ధతి. పనికిరానిదేం కాదు. నిలుచున్న చోటు నుంచి కదలకుండానే తెర మీద బొమ్మ పడితే, అదీ పలక.

ఇక నా బాధ చెప్తాను. పలక తుడిస్తే బొమ్మ పోతుంది గానీ, ఒంట్లోకి వెళ్ళిన కిరణం వెనక్కి రాదు కదా! ఛాతీ ఎక్స్‌రే ఒకటి సుమారు 0.1 మిల్లీసీవర్ట్, అంటే పది రోజుల్లో నేల నుంచీ ఆకాశం నుంచీ మనకెలాగూ తగిలేటంత. భయపడాల్సిందేం లేదు. కానీ ఫిల్ము రోజుల్లో మోతాదు ఎక్కువైతే బొమ్మ నల్లబడి తప్పు బయటపడేది. ఇప్పుడు కంప్యూటరు సరిదిద్దేస్తుంది. తక్కువైతే బొమ్మ గరుకుగా వస్తుంది, ఎక్కువైతే ఇంకా అందంగా వస్తుంది. ఆ అందం కోసం మోతాదు మెల్లిమెల్లిగా పైకి పాకే ప్రమాదం ఉందని వైద్యులే చెప్పుకుంటారు. మంచి పలక తక్కువ కిరణంతోనే పని జరిపించగలదు, మీట నొక్కే మనిషికి ఆ శ్రద్ధ ఉండాలి, అంతే.

మన వంతు శ్రద్ధ మనకీ ఉండాలనుకో. రెండేళ్ళ కిందట నేను మామోగ్రామ్‌కి వెళ్ళాను, ఒళ్ళంతా ఘుమఘుమలాడుతూ! చంకల్లో పౌడరు, స్ప్రే. అక్కడి అమ్మాయి నవ్వి, తుడుచుకు రమ్మంది. ఆ రేణువులు బొమ్మలో తెల్లటి చుక్కలై, రొమ్ములో సున్నపు రేణువుల్లా కనబడి హడలగొడతాయట. తీసేటప్పుడు రొమ్మును నొక్కడం మాత్రం నొప్పే, అబద్ధం చెప్పను. అలా పలచగా పరిస్తేనే తక్కువ కిరణంతో లోపలిది విడివిడిగా కనబడేది. అమెరికా, కెనడాల్లో 49,528 మంది ఆడవాళ్ళు చేరిన పరిశోధన ఫలితం 2005లో వచ్చింది. మొత్తమ్మీద ఫిల్మూ డిజిటలూ సమానమే గానీ, యాభై లోపు వాళ్ళకీ, రొమ్ము కణజాలం చిక్కగా ఉన్నవాళ్ళకీ డిజిటలే మెరుగని తేలింది. నీ వయసు ముప్ఫై తొమ్మిది కదూ, అందుకే చెబుతున్నా.

పిన్నీసులు, హుక్కులు, గొలుసులు ముందే తీసెయ్. నెల తప్పిందేమో అని అనుమానముంటే సిగ్గుపడక ముందే చెప్పు. పాత బొమ్మల సీడీలు పారెయ్యకు, డాక్టరు పక్కన పెట్టి పోల్చి చూస్తారు.

పిన్ని ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు. ఆవిడకి మాత్రం ఆ ఊసే పట్టలేదు. ఆటోలో తాళి సర్దుకుంటూ, "ఏమే, జడ అంత లావుగా పడిందా?" అని మూడుసార్లు అడిగింది.