ఉప్పుగాలికి తట్టుకునే ఫోన్ – తక్కువ ధరలో ఎంచుకోవడం ఎలా?



కూడు, గుడ్డ, గూడు మనిషి కనీస అవసరాలని చిన్న తరగతుల్లో చదువుకున్నాం. ఇప్పుడు వాటి పక్కన సెల్‌ఫోన్ కూడా వచ్చి కూర్చుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఓటీపీ రావాలన్నా, తుఫాను హెచ్చరిక తెలియాలన్నా, రేవులో రొయ్య ధర అడగాలన్నా ఫోన్ కావాలి. అయితే మన నిజాంపట్నం వైపు ఇళ్లలో ఫోన్ కొనడం చిన్న ఖర్చు కాదు. వేటకు వెళ్లే ఇంట్లో, రొయ్యల చెరువు మీద కాపలా పని చేసే ఇంట్లో అది ఎన్నో రోజుల కూలి. చాలామంది వాయిదాల మీద తీసుకుంటారు. రెండు నెలలకే ఉప్పునీరు తగిలి ఫోన్ పోతే, ఫోన్ ఉండదు, వాయిదాలు మాత్రం మిగులుతాయి.

ఫోన్ పెట్టె మీద ఉండేదంతా ఇంగ్లిషు. నాన్న రంగు చూస్తాడు, షాపు కుర్రాడు కెమెరా గురించి చెబుతాడు, బేరం అయిపోతుంది. ఇంట్లో ఆ పెట్టె మీది అక్షరాలు చదవగలిగేది హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మీరే. మీకు సొంత ఫోన్ లేకపోయినా సరే, ఇంటికి ఫోన్ కొనే రోజున చదువరి మీరే కావాలి. అందుకే ఈ పాఠం. ఇందులో ఫలానా మోడల్ కొనమని చెప్పడం లేదు. మోడళ్లు నెలల్లో మారిపోతాయి, అంకెలు చదివే పద్ధతి మారదు.

ఫోన్ వల్ల రేవుకు ఏమి లాభం?

కేరళ తీరంలో 1997-2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు ఏమి జరిగిందో రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికశాస్త్రవేత్త పరిశీలించి 2007లో ప్రచురించారు. అంతకుముందు ఒక రేవులో చేప కొనేవాడు లేక పారబోస్తుంటే, పక్క రేవులో చేప దొరక్క జనం వెనుదిరిగేవారు. ఫోన్ వచ్చాక పడవ మీద నుంచే ధర కనుక్కుని, ధర ఉన్న రేవుకు వెళ్లసాగారు. జాలర్ల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర సుమారు 4 శాతం తగ్గింది. చేప పారబోయడం దాదాపు ఆగిపోయింది.

ఇక మన సంగతి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజుల్లో ముందు పోయేది కరెంటు. అప్పుడు మంచి ఫోన్ అంటే కెమెరా మంచిది కాదు, మూడో రోజుకు కూడా ఒక కాల్ చేయగలిగేది. కాబట్టి మన ప్రాంతానికి కావలసినవి రెండు: చార్జింగ్ నిలవాలి, ఉప్పునీటికి తట్టుకోవాలి. మిగతావన్నీ వాటి తర్వాతే.

మొదటి పాఠం: బ్యాటరీ లెక్క

పెట్టె మీద 5000 ఎంఏహెచ్ అని ఉంటుంది. అనగా మిల్లీ ఆంపియర్ అవర్. విద్యుత్ ప్రవాహాన్ని వోల్టేజీతో గుణిస్తే విద్యుత్ సామర్థ్యం వస్తుందని పదో తరగతిలో చదివారు కదా, ఇక్కడా అదే. 5000 ఎంఏహెచ్ అంటే 5 ఆంపియర్ అవర్లు. బ్యాటరీ వోల్టేజీ సుమారు 3.85. రెండూ గుణిస్తే 19.25 వాట్ అవర్లు. ఫోన్ సగటున 1 వాట్ తింటుందనుకుంటే 19 గంటలు వస్తుంది. మండుటెండలో స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచి 2 వాట్లు తింటుందనుకుంటే, అదే బ్యాటరీ 9 గంటల పైచిలుకే. కనుక అంకె ఒక్కటే చూడకూడదు, తినేవాడినీ చూడాలి.

2003లో వచ్చిన నోకియా 1100 మీ అన్నలకు గుర్తుండే ఉంటుంది. ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడైంది. దాని బ్యాటరీ 850 ఎంఏహెచ్ మాత్రమే. అయినా రోజుల తరబడి వచ్చేది. కారణం చిన్న స్క్రీన్, తక్కువ పని. నేటి ఫోన్లో ఎక్కువ చార్జింగ్ తినేది స్క్రీను, ఆ తర్వాత ప్రాసెసరు, సిగ్నలు. ప్రాసెసరు ఎన్ని నానోమీటర్లదో ఇంటర్నెట్‌లో చూడవచ్చు. సాధారణంగా ఆ అంకె చిన్నదైతే అదే పనికి తక్కువ కరెంటు తింటుంది. పాత ప్రాసెసరున్న 6000 బ్యాటరీ కంటే కొత్త ప్రాసెసరున్న 5000 బ్యాటరీ ఎక్కువ సేపు రావచ్చు.

పెద్ద బ్యాటరీకి ఇంకో లాభం ఉంది. లిథియం అయాన్ బ్యాటరీ వాడేకొద్దీ అరుగుతుంది. 500 సార్లు పూర్తిగా చార్జ్ అయ్యేసరికి సుమారు 80 శాతానికి దిగేవి చాలా ఉన్నాయి. రోజూ 3000 ఎంఏహెచ్ వాడే మనిషి 3000 బ్యాటరీ కొంటే 500 రోజుల్లో ఆ స్థితికి వస్తుంది. అదే మనిషి 6000 బ్యాటరీ కొంటే రోజుకు సగమే ఖర్చవుతుంది గనుక 1000 రోజులు పడుతుంది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్ల బ్యాటరీ 800 సార్లు చార్జ్ చేశాక కూడా 80 శాతం మిగలాలని నియమం పెట్టారు. మీరు చూసే మోడల్ ఎన్ని సార్లకు హామీ ఇస్తోందో అడగండి.

పవర్ బ్యాంకు విషయంలో కూడా జాగ్రత్త. 10,000 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఆరు వేల చిల్లర ఉంటుంది. వోల్టేజీ మార్చడంలో పోయేది పోగా ఫోన్‌కు చేరేది ఆ రెండో అంకే. అంటే 5000 ఫోన్‌కు ఒకసారి నిండుగా, ఇంకాస్త.

రెండో పాఠం: ఐపీ అంకెలు

పెట్టె మీద ఐపీ అని, పక్కన రెండంకెలు ఉంటాయి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. దుమ్ములో 6 అంటే లోపలికి దుమ్ము అసలు పోదు. 5 అంటే కాస్త పోయినా పని ఆగదు. నీటిలో 4 అంటే ఏ వైపు నుంచి చిలకరింపు పడినా తట్టుకుంటుంది. 5 అంటే గొట్టంతో కొట్టినా తట్టుకుంటుంది. 7 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు. 8 అంటే అంతకంటే కఠినం, లోతు ఎంతో కంపెనీయే చెప్పాలి. 9 అంటే ఎక్కువ ఒత్తిడితో కొట్టే వేడి నీళ్లు. ఒక్కోటి వేరు వేరు పరీక్ష. 9 ఉంది గనుక 8 కూడా ఉన్నట్టే అనుకోకూడదు, రెండూ రాసి ఉండాలి.

తక్కువ ధర ఫోన్లలో ఎక్కువగా కనిపించేవి ఐపీ 54, ఐపీ 64. ఇవి వాన జల్లుకు చాలు, చెరువులో పడితే చాలవు.

ఇక్కడే మనం తెలుసుకోవలసిన అసలు విషయం ఉంది. ఈ పరీక్షలన్నీ మంచినీటితో చేస్తారు. సముద్రపు నీటిలో లీటరుకు సగటున 35 గ్రాముల లవణాలుంటాయి. ఉప్పునీరు కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది. చార్జింగ్ రంధ్రంలో ఉప్పు తడి ఉండగా వైరు గుచ్చితే లోపలి లోహం తినేసుకుపోతుంది. రబ్బరు సీళ్లు కూడా కాలంతో పాడవుతాయి. ఇంకొక మాట: ఐపీ 68 అని రాసినా, నీటి వల్ల పాడైతే వారంటీ వర్తించదని చాలా కంపెనీలు షరతుల్లో రాస్తాయి. అంటే ఐపీ అంకె ఒక రక్షణే గాని హామీ పత్రం కాదు. వేటకు వెళ్లేవారు ఏ ఫోన్ కొన్నా, మెడలో వేసుకునే వాటర్‌ప్రూఫ్ పౌచ్ కూడా కొనాలి. ఒకటి రెండు వందల పౌచ్ పదిహేను వేల ఫోన్‌ను కాపాడుతుంది.

ఉప్పునీరు పడితే ఏమి చేయాలి? వెంటనే ఆఫ్ చేయాలి. ఐపీ 67, 68 ఉన్నదైతే మంచినీటితో మెల్లగా కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టాలి. ఆ రక్షణ లేనిదైతే తుడిచి రిపేరు వాడికి అదే రోజు చూపించాలి. పూర్తిగా ఆరకుండా చార్జింగ్ పెట్టకూడదు. బియ్యంలో పెట్టడం వల్ల లోపలి ఉప్పు పోదు, పైగా పొడి రంధ్రాల్లోకి పోతుంది.

మూడో పాఠం: కింద పడితే

మిలిటరీ గ్రేడ్ అని ప్రకటనల్లో చూస్తుంటాం. మిల్ స్టాండర్డ్ 810 అనేది అమెరికా రక్షణ శాఖ రాసిన పరీక్షల పుస్తకం. అందులో ఎత్తు నుంచి పడేయడం, వేడి, చలి, ఉప్పు పొగమంచు ఇలా ఎన్నో పరీక్షలున్నాయి. కంపెనీ వాటిలో రెండు మూడు మాత్రమే చేయించి కూడా ఆ పేరు రాసుకోవచ్చు. కనుక ఏయే పరీక్షలు చేశారో చూడాలి.

మందపాటి రబ్బరు కవచంతో వచ్చే అసలైన రగ్గడ్ ఫోన్లు ఉన్నాయి. కాని చాలావరకు బయటి దేశాల కంపెనీలవి, బరువు ఎక్కువ, పాడైతే విడిభాగం దొరకదు. మన బడ్జెట్‌కు మంచి మార్గం ఏమిటంటే, బల్లపరుపు స్క్రీన్ ఉన్న మామూలు ఫోన్ తీసుకుని, అంచులు స్క్రీన్ కంటే పైకి ఉండే గట్టి కవర్, టెంపర్డ్ గ్లాస్ వేయించుకోవడం. వంపు స్క్రీన్ చూడ్డానికి బాగుంటుంది గాని పడితే ముందు పగిలేది అదే. కొనే ముందు ఆ కంపెనీ సర్వీసు సెంటరు తెనాలిలోనో, గుంటూరులోనో ఉందా అని కనుక్కోవాలి.

నాలుగో పాఠం: సముద్రంలో సిగ్నల్ ఎంత దూరం?

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి టవర్ కొంత దూరం తర్వాత కనుమరుగవుతుంది. ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం దూరం కిలోమీటర్లలో వస్తుంది. 40 మీటర్ల టవర్‌కు 22.6 కిలోమీటర్లు. బోటు మీద 3 మీటర్ల ఎత్తున ఉన్న ఫోన్‌కు 6.2. మొత్తం సుమారు 29 కిలోమీటర్లు. రేడియో తరంగాలు కాస్త వంగుతాయి గనుక ఇంకొంచెం రావచ్చు, ఫోన్ బలం చాలక ముందే పోవచ్చు కూడా. పాత 2జీ పద్ధతిలోనైతే మామూలుగా 35 కిలోమీటర్లే గరిష్ట హద్దు. అది దాటాక ఐదు వేల ఫోన్ అయినా, యాభై వేల ఫోన్ అయినా ఒక్కటే.

కనుక ఫోన్ ఎంత గట్టిదైనా బోటులోని వీహెచ్‌ఎఫ్ సెట్టుకు, లైఫ్ జాకెట్‌కు బదులు కాదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్లు, అలల హెచ్చరికలు ఇస్తుంది. వాటి కోసం సముద్ర అనే యాప్ ఉంది. బయలుదేరే ముందే, సిగ్నల్ ఉండగానే చూసుకోవాలి. సిగ్నల్ లేని చోట హెచ్చరికలు అందడానికి 2019లో జెమిని అనే పరికరం తెచ్చారు. అది ఉపగ్రహం నుంచి సమాచారం అందుకుని బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు పంపుతుంది. కాని దాని ద్వారా మనం తిరిగి మాట్లాడలేం.

సిగ్నల్ దాటాక ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ ఖాళీ చేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా సాధారణంగా జీపీఎస్ పనిచేస్తుంది, ఎందుకంటే అది ఉపగ్రహం మాట వినడమే గాని పంపడం ఉండదు. మ్యాప్ ముందే దించుకుని ఉంచుకోవాలి.

షాపులో మోసపోకుండా

పైన పటారం, లోన లొటారం అన్నట్టు ఉంటాయి కొన్ని రాతలు. ర్యామ్ 8 జీబీ అని రాసి, కింద 4 + 4 అని ఉంటే అసలుది 4 మాత్రమే. మిగతాది మెమరీలోంచి అరువు తెచ్చుకున్నది. కెమెరా మెగాపిక్సెళ్లకు మురిసిపోయి బ్యాటరీ మరచిపోవద్దు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగండి, ఫోన్‌లో బ్యాంకు ఉంది గనుక అది తాళం లాంటిది.

పాత ఫోన్ కొంటే ఇంకా జాగ్రత్త. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. కేవైఎం అని ఇంగ్లిషు అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి. నిషేధించిన నంబరని వస్తే ఎంత చవకైనా కొనకండి. బిల్లు తప్పక తీసుకోండి. బిల్లు ఉంటే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేయడం తేలిక.

హాస్టల్లో పాటించవలసినవి

తలదిండు కింద ఫోన్ పెట్టి చార్జింగ్ వేయకూడదు. ఒక్క ప్లగ్గు మీద నాలుగు చార్జర్లు వేలాడదీయకూడదు. ఉబ్బిన బ్యాటరీని వెంటనే ఆపేయాలి, సూదితో గుచ్చకూడదు. ఎండలో, ఇంజను గది వేడిలో చార్జ్ చేస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. వీలైనంతవరకు 20 నుంచి 80 శాతం మధ్య ఉంచడం మంచిది. తుఫాను కబురు వచ్చిన రోజు మాత్రం 100 నింపుకోండి.

నోటుబుక్కులో రాసుకోండి

1. బ్యాటరీ 5000 ఎంఏహెచ్ లేదా ఎక్కువ, ప్రాసెసరు కొత్తది.
2. ఐపీ 64కు తగ్గకూడదు. దొరికితే 67, 68.
3. బల్లపరుపు స్క్రీన్, గట్టి కవర్, వాటర్‌ప్రూఫ్ పౌచ్.
4. అసలు ర్యామ్ ఎంత? అప్‌డేట్లు ఎన్నేళ్లు?
5. సర్వీసు సెంటరు ఎక్కడ? బిల్లు, ఐఎంఈఐ సరిపోయాయా?
6. వాయిదాలైతే ప్రాసెసింగ్ ఫీజుతో కలిపి మొత్తం ఎంత?
7. ఇంట్లో అందరికీ కనబడేలా గోడ మీద రాయవలసిన నంబర్లు: అత్యవసరం 112, తీర రక్షక దళం 1554, మెరైన్ పోలీసు 1093.

అంత డబ్బు లేకపోతే దిగులు పడనక్కరలేదు. వేటకు వెళ్లే నాన్నకు ఒక 4జీ బటన్ ఫోన్, ఇంట్లో అందరికీ కలిపి ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ చాలు. బటన్ ఫోన్ రోజుల తరబడి చార్జింగ్ నిలుస్తుంది, పోయినా నష్టం తక్కువ.

ఈ సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంట్లో ఉన్న ఫోన్ పెట్టె తీసి, ఈ అంకెలన్నీ అమ్మానాన్నలకు చదివి వినిపించండి. పక్కింటి బాబాయి ఫోన్ కొనబోతుంటే మీరూ రేపల్లె వెళ్లండి.